చెరపని గీత

తెలంగాణ, ఆంధ్ర కలిసి ఒకే రాష్ట్రమైన ఏడాది అది. నేను ఫోర్తు ఫారం చదువుతున్నాను. కొత్త పటాలు ఇంకా రాలేదు. అందుకని మేం పెన్సిలుతో గీసుకున్న పటాల్లో నైజాం సరిహద్దును రబ్బరుతో తుడిచి తెమ్మన్నారు మా భూగోళం మాస్టారు. జగ్గయ్యపేటలో నందిగామ బస్సెక్కి, పటం ఒళ్లో పెట్టుకుని ఆ పని మొదలుపెట్టాను.

పక్క సీట్లో ముసలావిడ వంగి చూసింది. "ఏం తుడుస్తున్నవ్ బిడ్డా?"

"నైజాం సరిహద్దు, అవ్వా. ఇంక అది లేదుగా."

ఆమె పటం మీదికి ఇంకాస్త వంగి అంది: "గొడవలప్పుడు మేం ఇటు పారిపోయి వస్తుంటే, నా కొడుకును ఆ సరిహద్దు కాడనే కాల్చిండ్రు. యాడుంది అది ఇందుల?"

జగ్గయ్యపేటకు కాస్త పైన చూపించాను. అక్కడ వేలు ఆనించింది. చిల్లకల్లు దాటినా తీయలేదు. నందిగామలో దిగుతూ అడిగింది.

"ఇట్ల తుడిస్తే పోయేదేనా బిడ్డా?"

ఆమె వేలు ఆనిన మేర నేను తుడవలేదు. మర్నాడు మాస్టారు ఎర్రసిరాతో సరిగ్గా అక్కడే సున్నా చుట్టారు.