ఈ రోజు పొగ లేదు

మా బావ కాల్చిన కోడి, కాల్చిన చేపలు అమ్ముతాడు. వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని పొగాయన అంటారు. కొట్టు వెనక పెరట్లో ఇటుకల పొయ్యి, అందులో కట్టెల మంట, ఆ మంట ముందు ఎర్రబడ్డ కళ్లతో మా బావ. మంచి మనిషే, కాకపోతే పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. నేను కరెంటు పనివాణ్ణి. ఆ కొట్లో ఫ్యాను ఎక్కడ బిగించాలో కూడా నన్ను చెప్పనివ్వడు. మా ఇద్దరి మధ్యా మా అక్క. మాంసానికి మసాలా పట్టించేదీ, గల్లాపెట్టె దగ్గర కూర్చునేదీ, తీరిక దొరికితే మా ఇద్దర్నీ తిట్టేదీ ఆవిడే. పెళ్లయిన నాటి నుంచి ఆ కొట్టంటే వాళ్లిద్దరూ కలిసే.

ఇన్నేళ్ల పొగ అక్క ఊపిరితిత్తుల్లో చేరింది. ముందు దగ్గు, తర్వాత మెట్లెక్కితే ఆయాసం. ఇల్లు కొట్టు పైనే కాబట్టి మెట్లు తప్పవు. డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "ఇక పొగ దగ్గరికి వెళ్లకూడదు. కట్టెల పొయ్యి ఉన్న చోట అసలు ఉండకూడదు," అంది. మర్నాడు పొద్దున్నే బావ గునపం తీసుకుని పొయ్యిని తనే పడగొట్టాడు. నేను వెళ్లేసరికి ఇటుకలన్నీ గోడ వారగా పేర్చి ఉన్నాయి. ఇప్పుడు కొట్టేం చేస్తావని అడిగితే, "నీకెందుకురా, పోయి నీ బల్బులు బిగించుకో," అన్నాడు.

ఆ తర్వాత పెల్లెట్ గ్రిల్లు కొనుక్కొచ్చాడు. పెల్లెట్లంటే రంపపు పొట్టును గట్టిగా నొక్కి చేసిన చిన్న చిన్న ముక్కలు, చిటికెన వేలి కన్నా సన్నగా ఉంటాయి. పక్కనున్న డబ్బాలో పోస్తే మర వాటిని కొద్దికొద్దిగా మంటలోకి తోస్తుంది. లోపల చిన్న ఫ్యాను, పైన మూత, కింద చక్రాలు, వేడి ఎంత కావాలో పెట్టుకోవడానికి ఒక మీట. పొగాయనకి ప్లగ్గు పాయింటు కావలసి వచ్చిందంటే నాకు నవ్వొచ్చింది గానీ, బావ మొహం చూసి ఆ నవ్వు మింగేశాను. ఈ గ్రిల్లయితే అక్క కొట్టు ముందు గదిలో కూర్చోవచ్చని డాక్టరమ్మ కూడా ఒప్పుకుంది.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఈ గ్రిల్లులో నిప్పుంది, పొగే లేదు. మాంసం సమంగా కాలేది, ఎక్కడా మాడేది కాదు, రుచి మాత్రం ఉండేది కాదు. రోజూ వచ్చే బస్సు డ్రైవరు ఒక ముక్క కొరికి, "పొగాయనా, ఇది ఆస్పత్రిలో పెట్టే కోడిలా ఉందయ్యా," అన్నాడు. తర్వాత అతను రావడం మానేశాడు. అతని వెనకే మిగతావాళ్లూ మానేశారు. బావ ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు.

అక్క కిందికి రానంది. "నా కోసమే కదా ఆ పొయ్యి పడగొట్టింది? నా మూలంగా బేరాలు పోయిన కొట్లో ఏ మొహం పెట్టుకుని కూర్చోమంటావు?" అంది. బావ చెప్పాడు, నేను చెప్పాను, వింటేగా. కిటికీ పక్కన కుర్చీ వేసుకుని రోజంతా వీధిలోకి చూసేది. దగ్గు తగ్గింది, దాంతో పాటు మాటా తగ్గింది. అక్క తిట్టకపోతే నాకే ఏదోలా ఉండేది, ఇక బావ సంగతి చెప్పాలా? ఆయనకి కావలసింది బేరం కాదు, అక్క మళ్లీ కిందికి రావాలి. బేరం తిరిగొస్తే గానీ ఆవిడ రాదు. ఎటు తిప్పినా పొగ దగ్గరికే వచ్చి ఆగేది.

పెల్లెట్లు అమ్మే కొట్టువాడు ఒకరోజు పొగ గొట్టం చూపించాడు. జానెడు పొడవు ఉక్కు గొట్టం, ఒళ్లంతా చిల్లులే. దాన్నిండా పెల్లెట్లు పోసి, ఒక కొసన నిప్పంటించి గ్రిల్లులో పెడితే మంట లేకుండా గంటల తరబడి రాజుకుంటూ పొగ వదులుతుందట. బావ దాన్ని తెచ్చి, మొట్టమొదట పెల్లెట్లను బకెట్లో పోసి నానబెట్టాడు. కట్టెల పొయ్యి వాళ్లందరికీ ఉన్న అలవాటే, పొగ కావాలంటే చెక్కముక్కల్ని తడిపి వేస్తారు.

"వద్దు బావా, అది నొక్కిన పొట్టు," అన్నాను.

"పొగ సంగతి నువ్వు నాకు చెప్తావా?"

కాసేపయ్యాక చూస్తే బకెట్లో పెల్లెట్లు లేవు, జావ ఉంది. బావ చెయ్యి పెట్టి కలియతిప్పి, "సరుకు నాసిరకం," అన్నాడు. నేను కడుపు పట్టుకుని నవ్వాను.

రెండోసారి పొడివే పోశాడు గానీ తొందరపడ్డాడు. నిప్పంటుకోగానే మంట ఊదేసి లోపల పెట్టాడు. చిక్కటి తెల్ల పొగ వచ్చి చేపలు చేదెక్కాయి. కొస బాగా కణకణలాడేదాకా మండనిచ్చి అప్పుడు మంట ఆర్పాలనీ, పొగ పలచగా కాస్త నీలంగా రావాలనీ, మాంసం చల్లగా ఉన్నప్పుడే పొగ బాగా పడుతుందనీ చేతులు కాల్చుకుంటూ నేర్చుకున్నాడు. చివరికి ఒకరోజు ముక్క నోట్లో పెట్టుకుని, అడక్కుండానే ఇంకోటి అందుకున్నాను. పాత రుచి వచ్చేసింది.

అదే సమయానికి పైనుంచి దగ్గు వినిపించింది. పొగ గోడ వెంట పాకి తిన్నగా అక్క కిటికీలోకి పోతోంది. బావ పటకారుతో గొట్టాన్ని లాగి నీళ్ల బకెట్లో ముంచేశాడు. ఇక దాన్ని ముట్టడనుకున్నాను.

కొన్నాళ్ల తర్వాత తెల్లవారుతుండగా పనికి పోతూ పెరట్లోకి తొంగి చూశాను. బావ గ్రిల్లును పెరటి చివరికి, ఇంటికి ఎంత దూరమైతే అంత దూరం తోసుకెళ్లాడు. వైరు చుట్టేసి ఉంది. గ్రిల్లు వెలిగించకుండా లోపల గొట్టం ఒక్కటే రాజేసి, ఐసు ట్రేల మీద పచ్చి మాంసం పరిచి మూత వేశాడు. అలా పొగ పట్టించి ఫ్రిజ్జులో పెట్టేస్తాడట, పగలు గొట్టం లేకుండా కాలుస్తాడట. బట్టలారేసే తీగకి ఒక ప్లాస్టిక్ కవరు ముక్క కట్టి ఉంది. అది ఇంటి వైపు ఊగితే ఆ రోజు గొట్టం ముట్టించడు. పనయ్యాక పెరట్లోనే చన్నీళ్లు పోసుకుని, వేరే చొక్కా తొడుక్కుని గానీ పైకి వెళ్లడు.

"మీ అక్కకి చెప్పకు. మళ్లీ నా వల్లే ఈ తిప్పలని కూర్చుని ఏడుస్తుంది," అన్నాడు.

గాలి ఎదురైన రోజుల్లో కొట్టు ముందు ఒక అట్ట వేలాడేది. 'ఈ రోజు పొగ లేదు.' ఆ రోజు దొరికేది చప్పటి కోడే, ఇష్టమైనవాళ్లు తింటారు, లేనివాళ్లు పోతారు. జనం మెల్లగా అలవాటు పడ్డారు, అక్క మాత్రం ఇంకా కిటికీ వదల్లేదు. డ్రైవరు కూడా తిరిగొచ్చాడు. మలుపులో బస్సు నెమ్మది చేసి, అట్ట ఉందో లేదో చూసుకుని మరీ పోయేవాడు.

అలాంటివాడు తోటి డ్రైవర్లందరికీ విందు పెట్టుకున్నాడు. పెద్ద ఆర్డరు. తీరా ఆ రోజు పొద్దున గాలి ఇంటి వైపే. బావ అట్ట వేలాడదీశాడు. డ్రైవరు వచ్చి గొడవకి దిగాడు.

"అందర్నీ పిలుచుకున్నానయ్యా! ఒక్కరోజు పొగ పెడితే నీ సొమ్మేం పోయింది?"

"గాలి బాగా లేదు."

"గాలికీ కోడికీ ఏంటయ్యా సంబంధం?"

"ఉంది. కావాలంటే చప్పటిది పట్టుకెళ్లు. లేదంటే ఇంకో కొట్టు చూసుకో."

డ్రైవరు తిట్టుకుంటూ వెళ్లిపోయాడు. అతని కోసం తెచ్చిన మాంసమంతా అలాగే ఉండిపోయింది.

కిటికీలోంచి అంతా విన్న అక్క నన్ను పైకి పిలిచింది. "ఏంట్రా ఈ గాలి గోల?" నా నోట్లో నువ్వుగింజ నానదని ఆవిడకి చిన్నప్పటి నుంచీ తెలుసు. తీగకి కట్టిన కవరు దగ్గర్నుంచి చన్నీళ్ల స్నానం దాకా మొత్తం కక్కేశాను. ఏడుస్తుందనుకుంటే, కోపంతో లేచింది.

"ఈ వయసులో తెల్లారగట్ల చన్నీళ్లా? ఆయనకి బుద్ధి లేదు సరే, నువ్వు గుడ్లప్పగించి చూస్తున్నావా?"

చెప్పులు తొడుక్కుని ఆగి ఆగి మెట్లు దిగింది. చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. కొట్లో కుర్చీ మీదున్న సంచులు కింద పడేసి గల్లాపెట్టె దగ్గర కూర్చుంది. బావ కాలిన కోడి ముక్క ఒకటి పళ్లెంలో పెట్టి తెచ్చి ఇచ్చాడు. ఆవిడ తింటుంటే ఊపిరెలా తీస్తోందోనని అలాగే చూస్తూ నిలబడ్డాడు.

"ఆయాసంగా ఉందా?" అన్నాడు.

అక్క నిదానంగా నమిలి మింగింది. "ఉప్పూ లేదు, కారమూ లేదు. ఇదా ఇన్నాళ్లూ జనానికి పెడుతున్నది? రేపట్నుంచి మసాలా నేను కలుపుతాను."

బావ తలూపాడు. నేను, "మరి పొగ?" అన్నాను.

"గాలి బాగుంటే పెడతారు, లేకపోతే లేదు," అంది అక్క. బావ పక్కనే ఉన్నా ఆయన వైపు చూడకుండా నాతోనే చెప్పింది, "స్నానం మాత్రం నీళ్లు కాచుకుని చెయ్యమను."