టీవీతో సరిచేయబోయిన ఉపగ్రహాల గడియారం

నా తెలివితక్కువతనం ముందే చెప్పేస్తే మీకు వెతికే శ్రమ తప్పుతుంది. ఉపగ్రహాల నుంచి సమయం అందుకునే గడియారాన్ని సొంతంగా తయారుచేసి, దాన్ని టీవీ చూసి సరిచేయబోయినవాణ్ణి నేను.

కొత్త విమానాశ్రయంలో ఉద్యోగం వచ్చాక తొండుపల్లిలో ఒక మేడమీద కిరాయికి దిగాను. సాయంత్రాలు కాలక్షేపానికి ఏదైనా కావాలి గదా, కాలాన్నే పెట్టుకున్నాను. పోస్టులో తెప్పించిన అగ్గిపెట్టెంత జీపీఎస్ బోర్డు, దానికి నేనే టంకం పెట్టి అతికించిన ఎర్ర అంకెలు, పిట్టగోడ మీద యాంటెనా. సెకనులో లక్షో వంతు కూడా తేడా రాని సమయం నా బల్లమీద మెరుస్తుంటే, ఆఫీసుకు మాత్రం రోజూ ఆలస్యంగానే వెళ్లేవాణ్ణి.

ఒకరోజు వార్తల చానల్ మూలన కనిపించే గడియారంతో పోల్చి చూశాను. నాది కొన్ని సెకన్లు ముందుంది! యాంటెనా జరిపాను, తీగలు మార్చాను, తలమీదుగా పోయే ప్రతి విమానాన్నీ తిట్టాను. టంకం ఊడదీసి మళ్లీ పెట్టాను. ఈసారి నా వేలికి కూడా. ఆకాశంలోని ఉపగ్రహాలన్నీ కూడబలుక్కుని అబద్ధమాడుతున్నాయనీ, మా గదిలో టీవీ ఒక్కటే సత్యం పలుకుతోందనీ నమ్మాను. అంతా నా ఉపగ్రహచారం.

అది చాలదన్నట్టు క్రికెట్ మొదలైంది. కింద ఉండే ఇంటాయనది కేబుల్, నాది డిష్షు. ఆయన సేద్యం చేసే మనిషి, చేనుకు అవతలి గట్టు దాకా వినబడే గొంతు. నా టీవీలో బౌలర్ పరుగు అందుకోకముందే కిందినుంచి "పాయె! వికెట్ పాయె!" అని కేక. ఒక్క బంతినైనా ఏమవుతుందో తెలియకుండా చూడాలన్నదే అప్పట్లో నా జీవితాశయం.

మెట్లు దిగి వేడుకున్నాను. "అన్నా, కాస్త మెల్లగా..."

"నేను మెల్లగనే అంటున్న సారూ, నీ టీవీయే నిమ్మలంగ వస్తున్నది. ఆకాశంకెల్లి టైం దెప్పిస్తివి, వికెట్ వడ్డ ముచ్చట నాకంటె ఎనుక తెలుస్తదేంది నీకు?"

వంటింట్లోంచి ఆయన భార్య, "గాయన్నెందుకయ్యా పరేషాన్ జేస్తవ్" అంటూనే నవ్వింది.

ఆ ఎత్తిపొడుపుతోనే నాకు వెలిగింది. బొమ్మ నా టీవీకి ఆలస్యంగా చేరుతుంటే, బొమ్మలోని గడియారమూ ఆలస్యంగానే చేరుతుంది గదా! నాది మొదటినుంచీ సరైన సమయమే. నిర్దోషికి మనసులోనే క్షమాపణ చెప్పుకుని, మరి ఆలస్యం లేకుండా వచ్చేదేదని ఆలోచించాను. శంషాబాద్ బస్టాండు దగ్గర ఒక చిన్న రేడియో కొన్నాను. వార్తలకు ముందు వచ్చే కూతలు నా ఎర్ర అంకెలతో పాటే పడ్డాయి. రేడియోలో క్రికెట్ కూడా చెప్తారు.

తరువాతి మ్యాచ్‌కు ఇంటాయన పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆయనకు కనబడని వైపు చెవిలో రేడియో ఇయర్‌ఫోన్.

"ఫోర్" అన్నాను. బౌలర్ ఇంకా బంతిని ప్యాంటుకు రుద్దుతున్నాడు. ఫోరే వెళ్లింది.

"ఔట్" అన్నాను. అయ్యాడు.

"గిదెట్ల సారూ?"

"ఉపగ్రహాలు చెప్తున్నాయన్నా."

"ఎవరు గెలుస్తరో గూడ జెప్తయా?"

"చెప్తాయి. మీకు మాత్రం చెప్పొద్దన్నాయి."

"దండం వెడత, ఇగ మాట్లాడకు. జర ఆట సూడనియ్!"

చివరి ఓవర్లో రెండు చెవులూ గట్టిగా మూసుకున్నాడు. నేను నోరు తెరవలేదు. ఆయన కళ్లెదుట ఆరు వేళ్లు చూపించాను.