రేపటికెల్లి నీళ్లెవరు తోడుతరు

నాలుగు లైన్ల వార్త ఒకదాన్ని నేను చాలా ఏళ్లుగా మోస్తున్నాను. పేపర్లో పడ్డ మరునాడే జనం మరిచిపోయిన వార్త. రాసింది నేనని ఎవరికీ తెలియదు. ఇంట్లో చెప్పలేదు. పక్క కుర్చీలో ఏళ్ల తరబడి కూర్చున్న మిత్రులకూ చెప్పలేదు. మీకు చెబుతున్నానంటే కారణం ఒక్కటే. మీరు నన్ను ఎరగరు. నన్ను వెనకేసుకు రావలసిన మొహమాటం మీకు లేదు. కానీ ముందే ఒక మాట. బతుకంతా పత్రికల్లో గడిపినవాణ్ని. ఏ వాక్యం ఎక్కడ పెడితే చదివేవాళ్లు ఎటు మొగ్గుతారో నాకు తెలుసు. అందుకని నేను చెప్పేదాన్ని కొంచెం అనుమానంగానే చదవండి. నేనూ నన్ను అనుమానిస్తూనే రాస్తున్నాను.

అవి యాభైల నాటి రోజులు. సంగారెడ్డిలో ఒక స్కూల్లో నేను టెంపరరీ టీచరును. ఇరవై రెండేళ్లుంటాయి. సాయంత్రాలు స్కౌటు దళానికి సహాయకుణ్ని. అది కాక పట్నంలో వచ్చే ఒక తెలుగు పత్రికకు వార్తలు పంపేవాణ్ని. కవరు అంటించి పటాన్‌చెరు మీదుగా పట్నం పోయే బస్సు కండక్టరు చేతికిచ్చేవాణ్ని. ఆయన కవరు అందుకుంటూ ప్రతిసారీ ఒకటే అడిగేవాడు. "ఏం సారూ, ఇయ్యాల ఎవరి పని పట్టిండ్రు?" నేను నవ్వేవాణ్ని.

దళాన్ని నడిపింది ఖాసిం సారు. డ్రాయింగు మాస్టరు. పాత రాజ్యంలోనే ఆ దళాన్ని మొదలుపెట్టిన మనిషి. రాజ్యం మారింది. టోపీ మీది బిళ్ల మారింది. పిల్లలు చేసే ప్రతిజ్ఞలో ప్రభువు ఉన్నచోట దేశం వచ్చింది. ఉర్దూలో నడిచిన స్కూలు మెల్లగా తెలుగులోకి తిరుగుతోంది. ఖాసిం సారు తెలుగు మాట్లాడితే వినబుద్ధయ్యేది. చదవడం మాత్రం రాదు. కొత్త ప్రతిజ్ఞను ఉర్దూ అక్షరాల్లో చీటీ మీద రాసుకొని, టోపీ లోపలి పట్టీలో దోపుకొని, పిల్లలకంటే ముందే కంఠతా పట్టాడు. ఆ చీటీ చూసి నవ్వినవాళ్లున్నారు. టోపీలో ఉర్దూ చీటీ ఏమిటని గుసగుసలాడిన వాళ్లూ ఉన్నారు. అప్పటి గాలి అటువంటిది. ఎవరైనా పలకరిస్తే, ఎందుకు పలకరించాడా అని ఇంటికి పోయేదాకా ఆలోచించే రోజులు.

స్కౌట్లకు ఒక అలవాటు ఉంది. పొద్దున మెడకు స్కార్ఫు కట్టుకునేటప్పుడు దాని కొనకు ఒక ముడి వేస్తారు. ఆ రోజు ఎవరికైనా ఒక మంచి పని చేశాకే దాన్ని విప్పాలి. ఖాసిం సారు దానికి తన షరతు ఒకటి కలిపాడు. చేసిన పని ఎవరికీ చెప్పకూడదు. "చెప్పినవంటే ముడి మల్ల ఏసుకో. అది లెక్కల రాదు" అనేవాడు. మా దళంలో పిల్లలు సాయంత్రం డ్రిల్లుకు వచ్చేసరికి కొందరి ముడి విప్పి ఉండేది, కొందరిది వేసినట్టే ఉండేది. ఎవరూ ఎవరినీ అడిగేవాళ్లు కాదు.

పోతిరెడ్డిపల్లి అప్పుడు టౌనుకు దూరంగా వేరే ఊరు. ఆ ఊరి చివరింట్లో హుసేన్ బీ అనే ముసలామె ఒంటరిగా ఉండేది. రాజ్యం మారకముందు ఖాకీ తొడుక్కొని ఊళ్ల మీద పడ్డ మూకలో ఆమె కొడుకు తిరిగాడు. తర్వాత ఎటో పారిపోయాడు. ఊరు ఆమెతో మాట్లాడడం మానేసింది. తనవాళ్లనుకున్న రెండు మూడు కుటుంబాలు కూడా, తమ మీదికి ఏం వస్తుందోనన్న భయంతో దూరం జరిగాయి. ఆమె కళ్లకు పొరలు కమ్మాయి. బావికి గోడ లేదు. చేద వేసి తోడడం ఆమెకు చేతనయ్యేది కాదు, తోడిపెట్టేవాళ్లు లేరు.

ఖాసిం సారు ముగ్గురు పిల్లలను ఆ పనికి పెట్టాడు. డ్రిల్లయ్యాక పోయి, రెండు బిందెలు తోడి, ఆమె గోలెంలో పోసి రావాలి. మొదటి రోజు తోడుగా నన్ను పంపాడు. నేనూ చేద లాగాను. చేతులు బొబ్బలెక్కాయి. ముసలామె నా ముఖం మీద చెయ్యి పెట్టి తడిమి చూసింది. ఆ ఇంట్లో మూలకు ఒక ఇనప పెట్టె ఉండేది, పెద్ద తాళంతో. నా చూపు దాని మీద పడింది. అప్పుడు ఏమీ అనుకోలేదు. అనుకోలేదనే ఇప్పుడు నాకు గుర్తు.

ఆ ముగ్గురిలో ఒకడు యాదగిరి. వాడి మేనమామ కాలు విరగ్గొట్టింది ఆ మూకే. వాడు ఆ ఇంటికి నీళ్లు మోస్తున్నాడని తెలిస్తే వాడి తండ్రి ఊరుకోడు. ఖాసిం సారు ముందే అడిగాడు, మనసుల లేకుంటే వద్దు బిడ్డా అని. వాడు కాసేపు నేల చూసి, "పోత సార్" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. కాబట్టి నాకు తెలియదని చెప్పుకోవడానికి వీల్లేదు.

ఆ చలికాలం పట్నంలో అన్ని జిల్లాల దళాల మేళా ఉంది. దళం ముందు జెండా పట్టుకొని మాస్టరు నడుస్తాడు. అక్కడ నన్ను నేను ఊహించుకున్నాను. ఎన్నిసార్లు ఊహించుకున్నానో చెప్పడానికి సిగ్గేస్తోంది. మరో సంగతి, నేను పంపిన వార్త ఒక్కటీ నెల రోజులుగా అచ్చు కాలేదు. ఈ రెండింటిలో ఏది నన్ను తోసింది? లేక పెట్టె చూసి నిజంగానే అనుమానపడ్డానా? నమ్మకంగా చెప్పలేను. ఆ పెట్టెలో ఏముందో నాకు తెలియదు. అడిగితే ఆమె చెప్పేదే. నేను అడగలేదు. తెలియకుండా ఉండడమే నాకు పనికొచ్చింది.

ఇలా రాశాను. పోతిరెడ్డిపల్లిలో పరారీలో ఉన్న ఒక వ్యక్తి ఇంటికి స్కౌటు పిల్లలు రోజూ గుట్టుగా వెళ్లి వస్తున్నారనీ, ఆ ఇంట్లో తాళం వేసిన పెట్టె ఉందనీ, దీని వెనక ఎవరున్నారోనని స్థానికులు అనుమానిస్తున్నారనీ తెలిసింది.

ఆ స్థానికులు నేనొక్కడినే. అంతకుముందు ఆ ఊళ్లో ఎవరూ ఆ సంగతి పట్టించుకోలేదు. పిల్లలు పోతున్న మాట నిజం. పెట్టె నిజం. తాళం నిజం. నీళ్ల సంగతి ఒక్కటే రాయలేదు.

కవరు అందుకుంటూ కండక్టరు అదే మాట అడిగాడు. ఆ రోజు నవ్వానో లేదో గుర్తులేదు.

వార్త మూడో రోజు పడింది. పోలీసులు పోయి పెట్టె తెరిపించారు. రెండు బొంతలు, తమలపాకులు పెట్టుకునే ఒక పాన్‌దాన్ బయటపడ్డాయి. దానితో అయిపోవాలి. కాలేదు. అందులో ఉన్నదాన్ని ముందే తీసేశారు అన్నారు జనం. ఎవరు తీశారు? పిల్లలే మోసుకుపోయి ఉంటారు అన్నారు. అనుమానించే స్థానికులు నిజంగా అప్పుడు పుట్టారు.

కొత్త హెడ్మాస్టరు ఆ ముగ్గురినీ, ఖాసిం సారునూ, నన్నూ గదిలోకి పిలిచాడు. ఆ ఇంట్లో ఏం చేస్తున్నారని పిల్లల్ని అడిగాడు. ఒక్కడూ నోరు విప్పలేదు. యాదగిరి స్కార్ఫు కొన పిడికిట్లో పట్టుకొని నిలబడ్డాడు. వాళ్లు మంచి పని చేసి చెప్పకుండా ఉండడం నేర్చుకున్న పిల్లలు. ఖాసిం సారు, "వీళ్లు తప్పు పని చెయ్యలేదు సార్. ఇంతకన్న నేను చెప్ప" అని ఊరుకున్నాడు. హెడ్మాస్టరు నా వైపు తిరిగి, నీకేమైనా తెలుసా అని అడిగాడు. ఖాసిం సారు కూడా నన్ను చూశాడు. చెప్పమని చూశాడా, చెప్పొద్దని చూశాడా? ఆ చూపును ఎన్ని రకాలుగా తిప్పి చూసుకున్నానో లెక్కలేదు.

"నాకేం తెల్వదు సార్" అన్నాను.

వారం తిరక్కుండా ఖాసిం సారును దూరపు తాలూకాకు బదిలీ చేశారు. దళం నాకిచ్చారు. ఒక ఆదివారం మధ్యాహ్నం స్కౌటు గదిలో ఆయన సామాను అప్పగించాడు. ఆ మాటలు పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"తాళ్లు పది. రెండు చివికినయి, పోరగాళ్లను వేలాడనియ్యకు. జెండాను నెలకోపారి ఎండకు పెట్టు."

"అట్లనే సార్."

"మేళాల నువ్వు ముంగట నడుస్తవు గద. నీ నడక జెర ఒంకర. ఎడమ కాలు ఈడుస్తవు. పోరగాళ్లు నిన్ను చూసి గట్లనే ఈడుస్తరు. పట్నపోళ్లు సంగారెడ్డి దళమంతా కుంటిదనుకుంటరు."

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"సార్, నీళ్లు తోడుతున్నరని ఒక్కమాట చెప్తే అయిపోతుండె గద" అన్నాను. ఈ మాట నేనెలా అనగలిగాను?

"చెప్తే యాదగిరిని వాళ్ల నాయిన బతకనిస్తడా? నాదేముంది, నౌకరీ ఈడ గాకుంటే ఆడ." ఆయన విజిలును కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టాడు. "ఒక్కటి చెప్పు. ఆ పోరగాళ్లను ఇగ పంపరు. రేపటికెల్లి నీళ్లెవరు తోడుతరు?"

"నేను చూస్కుంట సార్."

"మాట?"

"మాట సార్."

ఆయన ఎడమ చెయ్యి చాచాడు. స్కౌట్లు చేతులు కలిపేది ఎడమ చేత్తోనే. గుండెకు దగ్గరి చెయ్యి అంటారు. కలిపాను.

ఇంటికొచ్చి విజిలు విప్పాను. చుట్టిన కాగితం ఆ వార్త పడ్డ రోజు పేపరే. నా వార్త ఉన్న పేజీయే. ఆయనకు తెలుగు చదవడం రాదు. చేతికి అందిన కాగితంలో చుట్టి ఉంటాడు. లేదా ఎవరితోనైనా చదివించుకొని ఉంటాడు. రాసింది ఎవరో తెలిసే నా చేత మాట తీసుకున్నాడా? తెలిసినా నమ్మాడా? తెలియక నమ్మాడా? ఏది నిజమైతే నాకు తేలిక అని కూడా ఆలోచించాను. ఏదీ కాదు.

మరునాడు నేను పోలేదు. వేడి చల్లారనీ అనుకున్నాను. ఆ మరునాడు కూడా పోలేదు. పోతే ఎవరైనా చూస్తారు. చూస్తే నా మీద అనుమానం వస్తుంది. అనుమానం ఎంత సులువుగా పుడుతుందో నాకన్నా బాగా ఎవరికి తెలుసు?

నాలుగైదు రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం వేరే వార్త కోసం సైకిలు మీద పోతిరెడ్డిపల్లి దారిన పోయాను. బావి దగ్గర హుసేన్ బీ కూర్చుని ఉంది. అంచుకు ఒక బారెడు దూరంలో, ఖాళీ బిందె ఒళ్లో పెట్టుకొని. ఇద్దరు ఆడవాళ్లు తోడుకొని ఆమె పక్కనుంచే పోయారు. నా సైకిలు గొలుసు కరకరమంది. ఆమె ముఖం ఇటు తిప్పింది.

"ఎవరు బిడ్డా?"

నేను కాలు కింద పెట్టాను. పది అడుగుల దూరం కూడా లేదు మా మధ్య.

"ఎవరది? స్కూలు పోరగాండ్లు ఇయ్యాల గూడ రారా?"

ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. నేను పెడలు తొక్కాను. గొలుసు చప్పుడు ఎటు పోతే అటు ఆమె ముఖం తిరగడం నాకు కనిపించింది.

మేళాకు పోయాను. జెండా పట్టుకొని నడిచాను. దారి పొడుగునా ఎడమ కాలినే చూసుకున్నాను. తిరిగి వచ్చేసరికి పోతిరెడ్డిపల్లి చివరింటికి తాళం ఉంది. ఆమెను ఎవరో చుట్టాలు తీసుకుపోయారని ఒకరు, తనే వెళ్లిపోయిందని ఒకరు. బావి మాట ఎవరూ ఎత్తలేదు. అడిగి తెలుసుకోవడం నా వృత్తి. ఆ ఒక్కటీ అడగలేదు. దళాన్ని ఏడాది నడిపి వదిలేశాను. ఆ ఏడాదిలో ముడి గురించి పిల్లలకు నేను ఒక్కసారి కూడా చెప్పలేదు. పట్నం పోయి పత్రికలో చేరాను.

చాలా ఏళ్లకు, నేను డెస్కులో ఉన్నప్పుడు, ఒక తాలూకా నుంచి చిన్న వార్త వచ్చింది. రిటైరయిన డ్రాయింగు మాస్టరు ఖాసిం గారు మరణించారు, విద్యార్థులు సంతాపం తెలిపారు. దాని కింద రెండు లైన్లు కలపగలిగిన కుర్చీలో ఉన్నాను నేను. ఒక్క అక్షరం కలపకుండా అచ్చుకు పంపాను.

ఇప్పుడు ఆ దారిన కాజీపల్లి ఫ్యాక్టరీలకు మనుషుల్ని తీసుకుపోయే బస్సులు తిరుగుతాయి. పోతిరెడ్డిపల్లి టౌనులో కలిసిపోయింది. బావి పూడ్చి ప్లాట్లు చేశారట. ఎక్కడుండేదో ఆనవాలు పట్టలేను. అటు పోయినప్పుడల్లా ఒక్కోసారి ఒక్కో ఇంటిని అనుమానిస్తాను, దీని కిందేనేమో అని.

ఇది చదివి మీరు నన్ను క్షమించాలని రాయలేదు. క్షమించగలిగిన ఇద్దరూ లేరు. చెప్పుకుంటే మంచిపని లెక్కలో రాదన్నాడు ఖాసిం సారు. చెడ్డపని సంగతి ఆయన చెప్పలేదు. నాకు తెలిసింది ఇంతే. ఒక ముసలామె బావి దగ్గర కూర్చుని, ఎవరని రెండుసార్లు అడిగింది. జవాబు ఇవ్వవలసినవాడు పది అడుగుల దూరంలో నిలబడి నోరు మూసుకున్నాడు.

నేనే అమ్మా. నీళ్లు తోడతానని మాటిచ్చింది నేనే.