గంజి దగ్గర ఆగిన పుస్తకం

మద్దిలపాలెంలో లచ్చమ్మ ఇస్త్రీ బండి దగ్గర, గంజి పెట్టిన నూలుచీర మీద వేడి పెట్టె ఆనగానే లేచే వాసన నన్ను ఇప్పటికీ నిలబెట్టేస్తుంది. అది రాజేశ్వరి మేడమ్ చీరల వాసన. ఆమె కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. నేను పోర్టులో బస్తాలు మోస్తూ, దొరికిన కాగితమల్లా చదువుకున్నవాణ్ణి. ఆమె చూపు మందగించాక, నా చదువు పిచ్చి సంగతి విని, మొక్కల మీద తెలుగులో తాను రాస్తున్న పుస్తకాన్ని చదివి వినిపించమని నన్ను సీతమ్మధారలోని ఇంటికి పిలిచారు.

ఒకనాడు ఆమె పాత శిష్యుడొకడు వచ్చి, "ఎంజైముల గురించి తెలుగులో ఎవరు చదువుతారు మేడమ్? శ్రమ వృథా" అన్నాడు. నా ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతోంది. ఆమె మాత్రం నా వైపు చెయ్యి చూపి, "ఈ అప్పారావు సదువుతాడు. కాఫీ తాగి ఎల్లు నాయనా" అన్నారు. పాఠం పుస్తకాల భాషలో చెప్పినా, ఇంట్లో ఆమెది మా భాషే.

తీరా పిండిపదార్థం, అంటే చీరలకు పెట్టే గంజిలో ఉండేదే, ఆ అధ్యాయం దగ్గర నేనే చతికిలబడ్డాను.

"ఏటీ బోధపడ్డం నేదు మేడమ్."

"అయితే నాకు రాయడం రానేదన్నమాట. సింపెయ్."

చింపాను. ఆమె "పోర్టులో సక్కెర బస్తా వానాకాలం ఏటవుతాది?" అని అడిగారు.

"సెమ్మ లాగి ముద్దయిపోతాది."

"మొక్కకీ అదే బాధ. రాసుకో."

చక్కెరను చక్కెరగానే దాచుకుంటే మొక్క కణంలోకి నీరు చేరిపోతుంది. అందుకే ఒక ఎంజైము చక్కెర అణువులను గొలుసుగా కలుపుతుంది. ఇంకొకటి గొలుసు ముక్కను కోసి పక్కకొమ్మగా అతికిస్తుంది. మరొకటి అడ్డదిడ్డంగా మొలిచిన కొమ్మలను నరికేస్తుంది. అప్పుడే మిగిలినవి జంటలుగా మెలికపడి, మేము పేర్చే బస్తాల నెట్టులా, సందు లేకుండా గట్టి రేణువుగా సర్దుకుంటాయి. "కట్టేవోడి పక్కన నరికేవోడూ ఉండాల" అంటూ, ఆ పేజీలో తనకెంతో ఇష్టమైన ఉపమానం ఒకదాన్ని ఆమే కొట్టేయించారు.

అధ్యాయం సగంలో ఉండగా మంచం పట్టారు. "మిగతాది నువ్వు రాయి" అన్నారు.

"నానా? హైస్కూలు గడప తొక్కనోణ్ణి."

"అందుకే. బోధపడని సోట నువ్వు ఆగుతావు. సదువుకున్నోళ్లు ఆగరు."

ఆమె పోయారు. పుస్తకం పోకూడదు. ఈ వయసులో, ఈ కళ్లతో రాస్తున్నాను. రాసింది లచ్చమ్మకు వినిపిస్తాను. ఆమె మొహం చిట్లించిన చోటల్లా కొట్టేస్తాను. నిన్న గొలుసులూ కొమ్మలూ ఉన్న పేజీ చదివాను. లచ్చమ్మ ఇస్త్రీపెట్టెను పక్కన నిలబెట్టింది.

"మరంత గట్టిగా కట్టేసుకున్నాది, ఆకలేత్తే ఎలాగ ఇప్పుకుంటాది తాతా?"

తర్వాతి పేజీ ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాను.