అమావాస్యనాడు ఆగిన బాయిలరు

మా తమ్ముడు సురేంద్ర బస్సులో చనిపోయాడు. పరదరామి నుంచి చిత్తూరు వచ్చే బస్సు, కిటికీ పక్క సీటు. నిద్రపోతున్నాడనుకుని కండక్టరు బస్టాండు దాకా లేపలేదట. జేబులో టికెట్టు, చిన్న డైరీ, పెన్సిలు ముక్క ఉన్నాయి. అది 2008 ఏప్రిల్. వాడికి నలభై ఒక్కటి. పొద్దున వెళ్తూ, "మధ్యాన్నానికి వచ్చేస్తాక్కా, పెరుగన్నం చాలు" అన్నాడు. ఆ గిన్నె సాయంత్రం దాకా మూత పెట్టినది పెట్టినట్టే ఉంది. దాన్ని ఎవరు తీశారో, ఎప్పుడు కడిగారో నాకు తెలియదు.

మేము నగరి వాళ్లం. నాయన కుప్పయ్య మగ్గం నేసేవాడు. నేను తెలుగు పంతులమ్మనై చిత్తూరుకు వచ్చాను. నా వెనకే సురేంద్ర వచ్చాడు. బీఎస్సీ లెక్కలు చదివి, ఊరి బయట మామిడి గుజ్జు డబ్బాలకెత్తే ఫ్యాక్టరీలో కాటా దగ్గర గుమాస్తాగా కుదిరాడు. జనం దాన్ని జ్యూస్ ఫ్యాక్టరీ అనేవారు. లారీ కాటా మీదికి రాగానే బరువు రాసుకోవడం, చీటీ ఇవ్వడం, అంతే వాడి పని. మా ఇంటి మేడ మీది గదిలో ఉండేవాడు. పెళ్లి మాట ఎత్తితే, "సీజను అయిపోనీక్కా" అనేవాడు. సీజన్లు అయిపోతూ వచ్చాయి.

కాటా దగ్గర కూర్చుని వాడు చూసిందల్లా ఒకటే. కొన్ని రోజులు లారీలు బారులు తీరి ఎండలో కాయ ఉడికిపోయేది. కొన్ని రోజులు కాయే లేక, ఫ్యాక్టరీలో పండు కోసే ఆడవాళ్లు కత్తులు పక్కన పెట్టుకుని కూర్చునేవారు. వాడికి అది అన్యాయంగా తోచింది. పోస్టులో పాఠాలొచ్చే మేనేజ్‌మెంట్ కోర్సు కట్టాడు. అందులో లీనియర్ ప్రోగ్రామింగ్ అనే పాఠం వచ్చిన వారం వాడు అన్నం సరిగ్గా తినలేదు.

ఒక ఆదివారం గ్రాఫు కాగితం తెచ్చి నా ముందు పరిచాడు.

"ఇట్ల సూడక్కా. అడ్డంగా బెంగళూరా కాయ, రోజుకు ఎన్ని టన్నులని. నిలువుగా ఖాదరు కాయ. బాయిలరు ఇంతకు మించి ఉడకబెట్టలేదు, అది ఒక గీత. మాగేసే షెడ్డులో ఇంతకు మించి పట్టదు, అది ఇంకో గీత. కోసే చేతులు ఇన్నే ఉండాయి, అది మూడోది. మూడు గీతలూ కలిసి ఒక గది కట్టేస్తాయి. ఆ గదిలో యాడ నిలబడినా ఫ్యాక్టరీ నడస్తాది."

"మరి నువ్వు యాడ నిలబడతావు?"

"మూలలో."

"చిన్నప్పుడు నాయన కొట్టడానికొస్తే కూడా మూలలోనే కదరా నిలబడేవాడివి!"

వాడు నవ్వలేదు. "నిజంగానే మూలలోనేక్కా. అన్నిటికంటే ఎక్కువ గుజ్జు వచ్చే చోటు ఏదో ఒక మూలలోనే ఉంటాది. మధ్యలో ఉండదు. ఎవరూ ఎండలో నిలబడకుండా, ఎవరూ ఖాళీగా కూర్చోకుండా." ఆ మాట చెబుతున్నప్పుడు వాడి ముఖం ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

ఆ కాగితం పట్టుకుని మేనేజరు గిరిప్రసాద్ గారి దగ్గరికి పోయాడు. ఆయన చాలాసేపు చూసి, "కాటా గుమాస్తావు, ఇదంతా నీకెందుకప్పా?" అన్నారట. మళ్లీ ఆయనే, "సరే, ఈ ఒక్క సీజను నీ చేతికిస్తా. ఏ రోజు ఎన్ని లారీలను రమ్మని ముందే చీటీ ఇయ్యాలో నువ్వే చెప్పు. ఒక్క లారీ అయినా నా గేటు బయట ఒక షిఫ్టు దాటి నిలబడిందా, నీ కాగితం చించేస్తా. నువ్వు మళ్లీ కాటా దగ్గరికే" అన్నారట.

అది 1999. ఏప్రిల్, మే బాగా జరిగాయి. లారీలు వచ్చినవి వచ్చినట్టు దిగేవి. గేటు కాపలా గోవిందు నాకు బజారులో కనబడి, "మీ తమ్ముడు వచ్చినాక నాకు అరవడానికి పనే లేదమ్మా, గొంతు పోయింది" అన్నాడు.

సీజను మధ్యలో ఒక రోజు బాయిలరు ఆపి, గొట్టాలు విప్పి, లోపల పేరుకున్న సున్నం గీకాలి. విప్పితే మళ్లీ మర్నాటి దాకా వెలగదు. ఏ రోజు ఆపాలన్నది సురేంద్ర తేల్చాలి. నేను వంకాయలు తరుగుతున్నాను. వాడు గోడ మీది క్యాలెండరు ముందు నిలబడ్డాడు.

"జూన్‌లో ఏ దినం కాయ తక్కువ వస్తాదక్కా?"

"పదమూడు అమావాస్య కదరా," అన్నాను. తల కూడా ఎత్తలేదు. "అమావాస్యనాడు ఎవరు చెట్టు మీద చెయ్యి వేస్తారు? మండీ కూడా మూసేస్తారు."

"అంతేలే," అన్నాడు. "మన మగ్గాలే ఆగతాయి."

అంతే జరిగింది. మా ఇంట్లో అమావాస్యనాడు మగ్గం ఆడేది కాదు. నాయన ఆ రోజు మగ్గం గుంట దగ్గరికే పోయేవాడు కాదు. అమావాస్య అంటే ఆగిపోయే రోజు. అది మాకు ఎవరూ నేర్పలేదు, కాబట్టి అడగాలని కూడా తోచలేదు. వాడు పదమూడో తేదీకి చీటీలు సున్నా అని రాసి, షెడ్డును ముందురోజే నిండా నింపించాడు. కాయ రాని రోజు ఖాళీ జాగా ఎందుకు?

పదమూడు ఆదివారం. ఆ మధ్యాహ్నం క్యారియరు తీసుకుని ఫ్యాక్టరీకి వెళ్లాను. మలుపు తిరిగాను. రోడ్డు పక్కన లారీలు, ఒకదాని వెనక ఒకటి. ఎండకు టార్పాలిన్లు మెరుస్తున్నాయి. ఇరవై మూడు. తర్వాత లెక్కపెట్టారు.

"ఏందమ్మా ఇది, గంగ జాతర మాదిరి ఉండాది!" గోవిందు పరుగెత్తుకొచ్చాడు. "చీటీల్లేవు, ఏమీ లేవు. అన్నీ ఆ పక్కవే."

ఆ పక్క అంటే తమిళనాడు సరిహద్దు అవతల. ఆ ఏడు మా వైపు కాపు తగ్గిందని గిరిప్రసాద్ గారు గుడియాత్తం, పరదరామి తోటల వాళ్లకు కూడా కబురు పెట్టారు. జూన్ రెండో వారం నుంచి తెమ్మన్నారు. చీటీల పద్ధతి వాళ్లకు ఇంకా అలవాటు కాలేదు.

సురేంద్ర గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. వాడి ఎదురుగా తలకు తువ్వాలు చుట్టుకున్న పెద్దామె, నడుము మీద చెయ్యి పెట్టుకుని ఉంది. పేరు ఆనందమ్మ. పరదరామి దగ్గర సొంత తోట. లారీ ముందు సీట్లో కూర్చుని కాయతోపాటు తానే వచ్చింది.

"అమావాస్య పూటా కాయ కోసినారా అవ్వా?" అన్నాడు సురేంద్ర.

"ఏం, కోయకూడదా? మొదటి కోత నల్ల నాళు, అదే మంచి దినం, చూసి కొయ్యాల. అమావాస కంటే మంచి దినం యాడుండాదప్పా మాకు? మా పక్కంతా ఈ దినం కోసమే కాచుకోనుండారు."

నేను క్యారియరు కింద పెట్టేశాను. నగరిలో పుట్టిన వాళ్లం. మా వీధిలో సగం ఇళ్లు తమిళం మాట్లాడేవి. పక్కింటి వాళ్లు అమావాస్యనాడు కొత్త అంగడికి కొబ్బరికాయ కొట్టడం మేము కళ్లారా చూశాం, వాళ్లు పెట్టిన పొంగలి తిన్నాం. అది మాకు తెలుసు. తెలిసి కూడా ఆ రోజు ఇద్దరిలో ఒక్కరికీ గుర్తుకు రాలేదు.

బాయిలరు గొట్టాలు విప్పి నేల మీద పరిచి ఉన్నాయి. షెడ్డు నిండి ఉంది. చిత్తూరు మండీ అమావాస్యకు మూసి ఉంది. లారీలు ఎటు పోవడానికీ లేదు. టార్పాలిన్ కింద కాయ కాగిపోతోంది. దగ్గరికెళ్తే పులిసిన వాసన.

సురేంద్ర ఒక లారీ బానెట్టు మీద గ్రాఫు కాగితం పరిచాడు. పెన్సిలు పట్టుకున్నాడు గానీ గీత గీయలేదు. "జాగా లేదు," అన్నాడు. మళ్లీ అన్నాడు. "జాగా లేదు. ఈ గీత దాటడానికి లేదు."

ఆనందమ్మ వాడి భుజం మీదుగా కాగితాన్ని చూసింది. తర్వాత షెడ్డు పక్కనున్న పెద్ద గోడౌను వైపు చూసింది.

"ఆ ఇంట్లో ఏముండాది?"

"ఖాళీ డబ్బాలవ్వా. రేకు డబ్బాలు. అది డబ్బాల జాగా."

"డబ్బాలకు ఎండ తగిలితే చస్తాయా?" అంది ఆమె. "పండు చస్తాదప్పా."

మా తమ్ముడు ఆమె ముఖం వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. ఎవరో లోపలి నుంచి తలుపు తీసినట్టు. గోడౌను డబ్బాలకేనని వాడికి ఎవరూ చెప్పలేదు. మొదటి నుంచీ అందులో డబ్బాలు ఉన్నాయి కాబట్టి వాడే గీసుకున్న గీత అది.

ఇక పరుగులే. గోవిందు సైకిలేసుకుని పోయి, సెలవిచ్చిన పండు కోసే ఆడవాళ్లను ఊళ్లోంచి పిలుచుకొచ్చాడు. డ్రైవర్లు, క్లీనర్లు, తోటల వాళ్లు, అందరూ డబ్బాలు బయటికి మోశారు. నేను కూడా వరసలో నిలబడి చేతులు మార్చాను. ఖాళీ అయిన లారీల టార్పాలిన్లే డబ్బాల మీద కప్పారు. సురేంద్ర ప్రతి లారీ ఎక్కి, కాయ నొక్కి చూసి, మెత్తబడినది ముందు, గట్టిది వెనక అని వరస పెట్టాడు.

"నాలుగోది నాది కదప్పా," అంది ఆనందమ్మ.

"మీది అన్నిటికంటే గట్టిగా ఉండాదవ్వా. కాచుకోగలదు. కడపట దించుతాను."

"సరి సామీ. నీ మాట," అని ఆమె లారీ నీడలో కూర్చుంది.

పొద్దు గూకేసరికి పందొమ్మిది లారీలు దిగాయి. అక్కడికి గోడౌను నిండిపోయింది. నాలుగు మిగిలాయి. అందులో ఆమెది ఒకటి.

బాయిలరు మర్నాడు వెలిగింది. కానీ షెడ్డు ఖాళీ అవుతూ రావాలి కదా, ఆ నాలుగింటికి జాగా దొరకడానికి మూడో రోజు అయింది. ఆనందమ్మ లారీ టార్పాలిన్ విప్పితే పై వరస పచ్చగానే ఉందట. కింద సగానికి సగం నల్లగా చితికిపోయి రసం కారుతోందట. వాడు పైనున్న కాయే నొక్కి చూశాడు. అడుగున వేడికి ఏమవుతుందో చూడలేదు. ఆ రాత్రి ఇంటికి వచ్చి మెట్ల మీదే కూర్చున్నాడు.

"ఆనందమ్మ తిట్టిందారా?" అన్నాను.

"తిట్టలేదక్కా. గోడౌను తెరవమన్నది ఆమే కదా. ఒక్క మాట అడిగింది. నీ లెక్కలో నేను యాడుండానప్పా, అని."

మర్నాడు గిరిప్రసాద్ గారు పిలిచారు. షరతు ప్రకారం ఆ కాగితం చిరిగిపోవాలి. కానీ ఆ పందొమ్మిది లారీలను ఇంకెవరూ దించగలిగేవారు కాదని ఆయనకు తెలుసు, ప్లాను వాడినే చూసుకోమన్నారు. వాడే ఒప్పుకోలేదట. ఆ సీజను మిగిలిన రోజులు మళ్లీ కాటా దగ్గర కూర్చున్నాడు. బరువు రాసుకుంటూ ప్రతి డ్రైవరునూ అడిగేవాడు. ఏ ఊరు, ఏ దినాన కోస్తారు, ఏ దినాన కొయ్యరు, ఎందుకు. "ఏందప్పా, పిల్లనిస్తావా మాకు, ఇన్ని అడగతాండావు?" అని వాళ్లు ఏడిపించేవారట.

మరుసటి ఏప్రిల్‌లో పరదరామి బస్సెక్కి ఆనందమ్మ ఇంటికి వెళ్లాడు. మొదట ఆమె లోపలికి రమ్మనలేదట. అరుగు మీదే నిలబెట్టి, "మళ్లీ ఏం కావాల?" అందట. "మీ దినాలు చెప్పండవ్వా, రాసుకుంటాను" అన్నాడట. సాయంత్రం దాకా చెప్పిందట. తర్వాతే వాడు కొత్త ప్లాను గీసి గిరిప్రసాద్ గారికి ఇచ్చాడు. అప్పటి నుంచి ప్రతి ఏప్రిల్‌లో ఆ బస్సే. తొమ్మిదోసారి వెళ్లినప్పుడు ప్రాణంతో ఇంటికి చేరలేదు. జేబులోని డైరీలో ఆ ఏటి కోత దినాలన్నీ రాసుకున్నాడు, ఆమె చెప్పిన వరసలోనే.

వాడు పోయిన పదకొండో రోజు గిరిప్రసాద్ గారు ఇంటికి వచ్చారు. వెళ్లబోతూ అన్నారు.

"ఆ ఏడు లారీలు నిలబడినాక పిలిచిన దినం అడిగినానమ్మా. అమావాస్యకు కాయ రాదని నీకు ఎవరు చెప్పినారప్పా, అని. ఎవరూ చెప్పలేదు సార్, నేనే అనుకున్నా, అన్నాడు."

నేను తలుపు పట్టుకుని నిలబడిపోయాను. ఆయనకు నీళ్లు కూడా ఇవ్వలేదు.

తర్వాత మేడ మీది గదికి వెళ్లి గ్రాఫు కాగితాల చుట్ట విప్పాను. ఏడాదికొకటి. 1999 కాగితం మీద మూడు గీతలు: బాయిలరు, షెడ్డు, చేతులు. 2000 నుంచి ప్రతి కాగితం మీదా నాలుగోది ఉంది, ఎర్ర పెన్సిలుతో. దాని పక్కన వాడి గుండ్రటి అక్షరాల్లో ఒక్కటే మాట: ఆనందమ్మ.

తొమ్మిదేళ్లు మేము ఒకే ఇంట్లో అన్నం తిన్నాం. ఎన్నో అమావాస్యలు వచ్చిపోయాయి. వంకాయలు తరుగుతూ నేను అన్న మాట వాడు నాతో ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆ చుట్టలో కాగితాలన్నీ రెండు వైపులా తిప్పి చూశాను. నా మాట ఎక్కడా లేదు.