ఆశపెట్టని అధ్యాపకుడు మద్దిలేటి సారు

పారిశ్రామిక జీవసాంకేతిక శాస్త్రాన్ని జీవితమంతా బోధించిన మద్దిలేటి సారు గత మంగళవారం ఉదయం కల్లూరులోని తమ ఇంట్లో కన్నుమూశారు. ఆయన తమ్ముడు ఫోన్ చేసేసరికి నేను క్లాసుకు బయలుదేరుతున్నాను. "అన్న పోయినాడమ్మా" అన్న తర్వాత అతను ఇంకేం చెప్పాడో నాకు వినిపించలేదు. చెప్పులు విడిచి మళ్ళీ లోపలికి వచ్చి కూర్చున్నాను. దిగ్భ్రాంతి ఆ తర్వాత వచ్చింది. ముందు వచ్చింది అలసట. ఎన్నో ఏళ్ళుగా మోస్తున్నదేదో ఇక ఒంటరిగా మోయాలని తెలిసినప్పుడు కలిగే నిస్సత్తువ.

నేను ఆయన శిష్యురాలిని. తర్వాత అదే శాఖలో ఆయన పక్క కుర్చీలో కూర్చుని పాఠాలు చెప్పినదాన్ని. ఇద్దరమూ ఒప్పంద అధ్యాపకులమే. పిల్లలు చేరితేనే కోర్సు, కోర్సు ఉంటేనే మేము.

సారుది ఎమ్మిగనూరు. చేనేత కుటుంబం. అన్నదమ్ములు మగ్గం మీదే ఉండిపోగా ఈయన ఒక్కరే విశ్వవిద్యాలయం దాకా వచ్చారు. ఎంజైముల పాఠం మొదలుపెట్టేటప్పుడు ప్రతి ఏడూ ఒక మాట చెప్పేవారు: "నూలుకు గంజి పెట్టే ఇంట్లో పుట్టి, గంజిని కరిగించే ఎంజైము మీద పరిశోధన చేసినా. ఆ సంగతి మా నాయనకు చెప్పే ధైర్యం మాత్రం రాలే." తరగతి నవ్వేది. ఆయన నవ్వకుండా బోర్డు వైపు తిరిగేవారు.

మా ప్రయోగశాలలో సూక్ష్మజీవులను పెంచే ఫెర్మెంటరు ఒక్కటే ఉండేది. గాజు పాత్ర, పైన ఒక మోటారు. మన ఎండాకాలం సంగతి తెలిసిందే కదా. గది వేడికి అందులోని ఈస్టు బతికేది కాదు. సారు గోనె సంచులు తడిపి దానికి చుట్టేవారు. అవి ఆరేకొద్దీ మళ్ళీ తడిపేవారు. మా ప్రాజెక్టు కోసం బనగానపల్లె నుంచి మామిడి తొక్కలు బస్సులో తెచ్చుకునేవాళ్ళం, వాటిని పులియబెట్టి ఇంధనం తీయాలని. వాసనకు బస్సులో పక్కవాళ్ళు గొణిగితే, మాతో వచ్చిన సారు వాళ్ళకు క్షమాపణ చెప్పి, మేము తీసేది సారాయి కాదని ఓపిగ్గా వివరించేవారు. బస్సు దిగేలోపు ఎవరో ఒకరు ఆసక్తిగా ప్రశ్నలు వేయడం మొదలుపెట్టేవారు.

ఒకసారి మా సహాధ్యాయి ఒకడి ప్రయోగం బూజు పట్టి చెడిపోయింది. గడువు దగ్గరపడింది. వాడు పుస్తకంలో ఉన్న అంకెలనే కాస్త అటూ ఇటూ చేసి గ్రాఫు గీసి తెచ్చాడు. సారు దాన్ని చాలాసేపు చూశారు. "ఇది ఈస్టు గీసిన గీత కాదు నాయనా, నువ్వు గీసిన గీత. ఇంత నున్నగా ఏ ప్రాణీ పెరగదు" అన్నారు. కోప్పడలేదు. చెడిపోయిందనే రాయమన్నారు, ఎందుకు చెడిపోయిందో ఆలోచించి రాయమన్నారు. ఆ నివేదికకు ఆయన మంచి మార్కులే వేశారు.

ఆ స్వభావమే ఆయన ఉద్యోగానికి ముప్పు తెచ్చింది.

ప్రవేశాల కాలంలో తల్లిదండ్రులు వచ్చి అడిగే ప్రశ్న ఒక్కటే, ఇది చదివితే ఉద్యోగం వస్తుందా అని. వస్తుందని చెప్పమని మా శాఖాధిపతి మా అందరికీ ముందే చెప్పి ఉంచారు. ఒక జూన్‌లో తుమ్మలపల్లె గనిలో పనిచేసే ఒకాయన కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. సర్టిఫికెట్ల సంచీ ఒళ్ళో పెట్టుకుని అదే ప్రశ్న అడిగాడు. నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను.

సారు అన్నారు: "వస్తాదని నేను చెప్పలేనప్పా. ఈ చదువుకు ఫ్యాక్టరీలు మన సీమలో లేవు. హైదరాబాదుకో, ఇంకా పైకో పోవాల. పోయినా అందరికీ దొరకవు. పాఠం మాత్రం బాగా చెప్తా. అంతవరకే నా చేతిలో ఉండాది."

ఆ తండ్రి సంచీ సర్దుకుని కూతురితో వెళ్ళిపోయాడు. శాఖాధిపతి సారును లోపలికి పిలిచారు. గొంతులు బయటికి వినిపించాయి. ఎక్కువగా ఒక్క గొంతే. తిరిగి వచ్చిన సారు నీళ్ళు తాగి, మరుసటి రోజు పాఠానికి సిద్ధం కాసాగారు. ఆ వారాంతంలో ఆ అమ్మాయి ఒంటరిగా వచ్చింది. "మా నాయన ఇంగా సరిగ్గా ఒప్పుకోలే సార్. నేనే వచ్చినా" అంది. పేరు శైలజ. అదే మా ఆఖరి బ్యాచ్.

తర్వాతి ఏడాది చేరిన పిల్లలు చాలలేదని కోర్సు ఆపేశారు. నన్ను మైక్రోబయాలజీలోకి తీసుకున్నారు. సారుకు ఎక్కడా చోటు చూపలేదు. కల్లూరులో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతూ, షేర్ ఆటోలో పోయి వస్తూ మిగిలిన ఏళ్ళు గడిపారు. గుండె అప్పటికే బలహీనపడింది. ఒకసారి చూడబోయినప్పుడు, ఆ రోజు ఆ తండ్రికి కాస్త ఆశ పెట్టి ఉంటే బాగుండునని ఎప్పుడైనా అనిపించిందా అని అడిగాను. "శానా అలసిపోయినా తల్లీ. అట్ల మాత్రం అనిపించలే" అన్నారు.

అంత్యక్రియలకు శైలజ తండ్రితో కలిసి వచ్చింది. ఇప్పుడు పులివెందులలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తోంది. హైదరాబాదులో కొంతకాలం వెతికి తిరిగి వచ్చేసిందట. ఆమె తండ్రి నా పక్కన నిలబడి నెమ్మదిగా అన్నాడు: "సారు చెప్పినట్లే అయిందమ్మా. నా బిడ్డకు ఆ ఉద్యోగం రాలే. కానీ మమ్మల్ని మోసం చేసినోళ్ళలో ఈయన లేడు."

అందరూ వెళ్ళాక సారు భార్య సరస్వతమ్మ గారు నన్ను ఉండమన్నారు. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది. గోడకు ఆనుకుని కూర్చుని అడిగారు: "ఇన్నేండ్లు కాపురం చేసినా, ఆయన ఆడ ఏం చదువు చెప్తాండెనో నాకు తెల్దు. ఇంటికొచ్చేసరికి మాట్లాడే ఓపిక ఉండేది కాదు ఆయనకు. నువ్వు చెప్పమ్మా."

నాకూ ఓపిక లేదు. రెండు రోజులుగా నిద్ర లేదు. అయినా నేలమీద ఆమె ఎదురుగా కూర్చున్నాను. కంటికి కనిపించని ప్రాణులుంటాయని, వాటికి తిండి, గాలి, చల్లదనం సరిగ్గా అమర్చితే మందులు, ఇంధనం, పిండిని చక్కెరగా మార్చే పదార్థాలు చేసిపెడతాయని, ఆ అమర్చే విద్యే సారు మాకు నేర్పారని చెప్పాను. ఆమె మధ్యలో ఆపి, అవి ఎన్నాళ్ళు బతుకుతాయని అడిగారు. చెప్పాను. ఇంకా అడిగారు. బయట ఎండ దిగిపోయేదాకా ఆ పాఠం సాగింది. చివరికి ఆమె, "ఇంత ఉండాదా దాంట్లో" అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

గురువుకు నేను సమర్పించుకోగలిగిన నివాళి ఆ ఒక్క పాఠమే. రెండు చోట్ల తడబడ్డాను, ఒకచోట సరైన తెలుగు మాట దొరకలేదు. ఆయనైతే ఇంకా బాగా చెప్పేవారు.