పదో బిడ్డ కోసం ఆగిన సీసా

కాన్పుల వార్డులో ఆ నర్సును అందరూ గంటలక్క అంటారు. బిడ్డ ఏడుపు వినగానే ఆడా మగా అని కాదు, టైమెంతని అడుగుతుంది. ముప్ఫై ఏళ్లు నిలబడి చేసిన ఉద్యోగమంతా మోకాళ్లలో చేరింది. రిటైర్మెంటు ఇంకో నాలుగు నెలలే. ఎవరితోనూ వాదించే ఓపిక లేదు.

ఆ పొద్దున ఏడింటికి ఆడపిల్ల పుట్టింది. తల్లికి హెపటైటిస్ బి. కాలేయాన్ని ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా తినేసే రోగం, కాన్పులో బిడ్డకూ అంటుతుంది. పన్నెండు గంటల్లోపు రెండు తొడలకూ రెండు సూదులు పడితే చాలావరకు గండం గడిచినట్టే. ఒకటి, అప్పటికప్పుడు రోగాన్ని అడ్డుకునేది, పుట్టగానే వేసేసింది. రెండోది, టీకా, మందుల గదిలో ఉంది.

"ఒక్క బిడ్డకి సీసా తెరవమంటావేంటక్కా? పదిమందికొచ్చే మందు. రేపు ఇంకో నలుగురు పుడతారు, కలిపి వేద్దువు" అన్నాడు కాంపౌండరు.

తిట్టడానికి నోరు రాలేదు. మందు వృథా చేయొద్దని అతనికి నూరిపోసింది తనే.

ఉసూరుమంటూ వచ్చి బాలింత మంచం పక్కన కూలబడింది. బిడ్డ అమ్మమ్మ నవ్వుతూ పలకరించింది.

"మీరు మర్చిపోయినట్టున్నారు. నా కూతుర్ని నేను కన్నదీ ఇక్కడే, మీ చేతుల్లోనే. సీసా తెరవలేదు, సూదికి రేపు రమ్మన్నారు. మళ్లీ రావడం పడలేదు."

"మీకూ పరీక్ష చేశారా?"

"మొన్న దీంతోపాటే చేశారమ్మా. నాకూ ఉందంట."

ఆవిడ గొంతులో నిష్ఠూరమే లేదు. తిట్టినా బాగుండేదనిపించింది గంటలక్కకు. మంచం మీద ఇరవై రెండేళ్ల పిల్ల, పక్కన దాని పిల్ల.

లేచి మందుల గదికి వెళ్లి చెయ్యి చాపింది.

"సీసా ఇటివ్వు."

"మిగతా తొమ్మిది డోసులూ పారబోస్తామా?"

"పారబోద్దాం. ఒకసారి సీసా దాచుకుని, బిడ్డని పారేశాను. వెళ్లి చూడు, మూడో మంచం మీదుంది."

అతను సీసా తీసిచ్చాడు. సూది పడగానే బిడ్డ వార్డు ఎగిరిపోయేలా ఏడ్చింది. టైము రెండున్నర.

"ఇక దీనికి రాదా అక్కా?" బాలింత అడిగింది.

"మిగతా సూదులూ పడాలి. తేదీలు రాసిస్తాను. వచ్చినరోజు ఎవరైనా రేపు రమ్మంటే కదలకు, అక్కడే కూర్చో." గంటలక్క కాగితం తీసి తేదీలు రాయసాగింది. "నేనన్నా సరే."